అలాస్కా క్రూజ్: గ్లేసియర్లు తృప్తిగా చూసి రావాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి

అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారు, ఎక్కువ నడవలేరు, ఎక్కడికి తీసుకెళ్ళాలి? అమెరికాలో ఉన్న మనవాళ్ళ మధ్య ఈ మాట రాగానే ఎవరో ఒకరు అలాస్కా క్రూజ్ అంటారు. సలహా మంచిదే. వారం పాటు ఒకే గది, పెట్టెలు ఒక్కసారి సర్దుకుంటే చాలు, మంచు కొండలు కూర్చున్న చోటికే వస్తాయి. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు ప్రతి ఏడూ అవే. ఏ నెలలో వెళ్ళాలి, బాల్కనీ గది కావాలా, అమ్మానాన్నలకు కెనడా వీసా తీయాలా, అన్నం దొరుకుతుందా. విడివిడిగా జవాబు చెప్పేకంటే ఒక వరసలో రాసేస్తే నయమనిపించింది.

చాలామంది ఓడ ఎంత పెద్దది, పిల్లలకు జారుడుబల్లలు ఉన్నాయా అని చూసి బుక్ చేస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సినవి రెండే. ఆ ఓడ ఏ గ్లేసియర్ (హిమానీనదం) దగ్గరికి వెళ్తుంది, అక్కడ ఎంతసేపు ఉంటుంది అన్నది ఒకటి. మీ ఇంట్లో ప్రతి ఒక్కరి కాగితాలూ ఆ రూటుకు సరిపోతాయా అన్నది రెండోది. ఈ రెండూ తేలితే మిగతాది తేలికే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- అందరి పాస్‌పోర్టులు. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా కనీసం ఆరు నెలలు చెల్లుబాటు ఉండాలి.
- అమెరికా వీసా లేదా గ్రీన్ కార్డు, ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టిన రికార్డు) ప్రింటు, అవసరమైనవాళ్ళకు కెనడా వీసా.
- ఓడ మీద వైద్యానికీ, హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించడానికీ వర్తించే ఇన్సూరెన్స్.
- వానకు తడవని జాకెట్, పట్టు ఉన్న బూట్లు, తలకు టోపీ, చేతులకు గ్లౌజులు.
- బైనాక్యులర్స్. ఇంటికి ఒకటి సరిపోదు, ఇద్దరికొకటి ఉండాలి.
- మందులు, చీటీతో సహా.

1. గ్లేసియర్ పేరు చూసి రూటు ఎంచుకోండి

అలాస్కా క్రూజ్‌లన్నీ ఒకే చోటికి వెళ్ళవు. ప్రకటనలో గ్లేసియర్ బొమ్మ ఉన్నంత మాత్రాన మీ ఓడ దాని దగ్గరికి వెళ్తుందని కాదు. రోజువారీ పట్టిక తెరిచి, గ్లేసియర్ రోజున ఏ పేరు రాశారో, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు అని ఉందో చూడండి.

గ్లేసియర్ బే అని ఉంటే నేను ముందు దానికే ఓటు వేస్తాను. ఇది నేషనల్ పార్కు. రోజుకు రెండు పెద్ద క్రూజ్ ఓడలకు మించి లోపలికి రానివ్వరు. అందుకే అన్ని కంపెనీల ఓడలూ ఇక్కడికి రావు. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, నార్వేజియన్ ఓడల్లో ఈ రూటు ఎక్కువగా కనిపిస్తుంది. పొద్దున్నే పార్కు రేంజర్లు పడవలో వచ్చి ఓడ ఎక్కుతారు, సాయంత్రం దాకా మైకులో అన్నీ వివరిస్తూ ఉంటారు. 1794లో కెప్టెన్ వాంకూవర్ బృందం వచ్చినప్పుడు ఈ అఖాతం నోటి దగ్గరే మంచు గోడ అడ్డంగా ఉంది. 1879లో ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి అది 30 మైళ్ళకు పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు ఓడ చివరిదాకా వెళ్ళాలంటే సుమారు 65 మైళ్ళు ప్రయాణించాలి.

హబ్బర్డ్ గ్లేసియర్ అని ఉంటే అది వేరే చోటు, ఇంకా ఉత్తరాన. ఉత్తర అమెరికాలో సముద్రంలోకి దిగే గ్లేసియర్లలో ఇదే పెద్దది. పొడవు 76 మైళ్ళు, నీటి ఒడ్డున ముఖం వెడల్పే ఆరు మైళ్ళకు పైన. మిగతావాటిలో చాలావరకు కరిగి వెనక్కి పోతుంటే ఇది ముందుకు వస్తోంది. 1986లోనూ 2002లోనూ పక్కనున్న ఫియర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ) నోటిని కొన్నాళ్ళు మూసేసింది కూడా. ఒక్కటే ఇబ్బంది, తేలే మంచు ఎక్కువైతే ఓడ దూరాన్నుంచే తిరిగిపోతుంది.

మూడో రకం, అలాస్కా రాజధాని జూనో దగ్గర ఉన్న ట్రేసీ ఆర్మ్, ఎండికాట్ ఆర్మ్. రెండువైపులా నిటారు కొండలు, వాటి మధ్య సన్నటి దారి. దారి చాలా అందంగా ఉంటుంది కానీ పెద్ద ఓడలు మంచు గోడకు బాగా దూరంలో ఆగడం మామూలే. ట్రేసీ ఆర్మ్‌లో 2025 ఆగస్టులో భారీగా కొండచరియ విరిగిపడి సునామీ అల లేచింది. పాత వీడియోలు చూసి నిర్ణయించుకోకుండా, ఈ ఏడు మీ ఓడ వీటిలో దేనిలోకి వెళ్తుందో కంపెనీనే అడగండి.

2. ఎక్కడ ఎక్కుతారో తేల్చుకోండి

సియాటిల్ నుంచి వెళ్ళి మళ్ళీ సియాటిల్‌కే వచ్చే ఏడు రాత్రుల ట్రిప్పు మనవాళ్ళలో ఎక్కువమందికి వీలు. విమానం టికెట్లు చవక, ఎక్కేదీ దిగేదీ ఒకే చోట. కానీ ఈ ఓడలు కెనడా తీరంలోని వాంకూవర్ దీవికి పడమటి వైపు నుంచి, బయటి సముద్రం మీదుగా వెళ్తాయి. మొదటి రోజూ చివరి రోజూ ఊగుడు ఎక్కువ.

కెనడాలోని వాంకూవర్ నగరం నుంచి ఎక్కితే ఆ దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య మరుగున్న నీళ్ళలో వెళ్తుంది. ఓడ నిదానం, రెండు పక్కలా అడవి. దారి కోసమే వెళ్ళేవాళ్ళకు ఇది మేలు.

వాంకూవర్ నుంచి అలాస్కాలోని విట్టియర్‌కో సీవర్డ్‌కో ఒకవైపు మాత్రమే వెళ్ళేవి ఇంకొన్ని ఉన్నాయి. అక్కడ దిగి రైల్లో డెనాలి శిఖరం, దాని చుట్టూ ఉన్న నేషనల్ పార్కు వైపు వెళ్ళొచ్చు. అడవి, జంతువులు కావాలంటే ఇదే సరైన దారి, ఖర్చూ అలాగే ఉంటుంది. డెనాలి పార్కు లోపలి రోడ్డు 2021 ఆగస్టులో కొండ జారి 43వ మైలు దగ్గర మూతపడింది. బస్సు ఎంతవరకు వెళ్తుందో కనుక్కున్నాకే డబ్బు కట్టండి. 20,310 అడుగుల ఆ శిఖరం మబ్బుల్లో దాక్కునే రోజులే ఎక్కువ, కనిపించి తీరుతుందని పెద్దవాళ్ళకు మాటివ్వకండి.

3. కాగితాలు, డబ్బు కట్టకముందే

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అలాస్కా అమెరికాదే కదా, సియాటిల్ అమెరికాదే కదా, కెనడా గొడవ ఎందుకొస్తుంది అనుకుంటారు. వస్తుంది. విదేశీ జెండా ఉన్న ఓడలు అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటి ఉంది. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ నుంచి బయల్దేరేవి దారిలో కెనడా రేవు ఒకటి తగులుతాయి. ఎక్కువగా అది విక్టోరియా, తరచుగా చివరి సాయంత్రం కొద్ది గంటలు.

ఆ కొద్ది గంటల కోసం కూడా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు కెనడా విజిటర్ వీసా కావాలి. మేం విక్టోరియాలో దిగం, గదిలోనే కూర్చుంటాం అంటే కుదరదు. సియాటిల్‌లో ఓడ ఎక్కేటప్పుడే ఆపేస్తారు, డబ్బు కూడా తిరిగి రాదు.

ఎవరికి ఏం కావాలో చూడండి:

- అమెరికా పౌరులకు కెనడా వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు తీసుకెళ్ళండి.
- గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకూ వీసా అక్కర్లేదు. కానీ కార్డుతోపాటు భారత పాస్‌పోర్టు కూడా చేతిలో ఉండాలి, రెండూ చెల్లుబాటులో ఉండాలి.
- హెచ్-1బి (ఉద్యోగం), హెచ్-4 (వాళ్ళ కుటుంబం), ఎఫ్-1 (చదువు) వీసాల వాళ్ళకు కెనడా వీసా కావాలి. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు దాటిపోయి ఉంటే, కెనడా వెళ్ళి 30 రోజుల్లోపు తిరిగొచ్చేవాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది కానీ దానికి షరతులున్నాయి. మీ కేసుకు వర్తిస్తుందో లేదో లాయర్‌ని అడిగి తేల్చుకోండి. ఎఫ్-1 వాళ్ళు కాలేజీ ఇచ్చిన ఐ-20 మీద ట్రావెల్ సంతకం చూసుకోవాలి.
- విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు కెనడా వీసా కావాలి. కెనడా వెళ్ళొస్తే అమెరికాలో ఆరు నెలల గడువు మళ్ళీ మొదటినుంచి మొదలవుతుందని లెక్కలు వేసుకోకండి.

కెనడా వీసా ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు మరో 85. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు పదేళ్ళు చెల్లుతాయి. వీలైతే పెద్దవాళ్ళు హైదరాబాదులో ఉండగానే, అమెరికా విమానం ఎక్కకముందే ఆ పని ముగించమనండి. ఇక్కడికొచ్చాక వాళ్ళ పాస్‌పోర్టు స్టాంపింగ్ కోసం ఎక్కడో ఉంటే మీకూ వాళ్ళకూ టెన్షన్.

నేరుగా ఇండియా నుంచి వచ్చి వాంకూవర్‌లో ఎక్కేవాళ్ళకు రెండు వీసాలూ కావాలి. అమెరికా ఇమిగ్రేషన్ వాంకూవర్ రేవులోనే, ఓడ ఎక్కకముందే అయిపోతుంది. తిరిగి వాంకూవర్‌లోనే దిగే ట్రిప్పు అయితే కెనడా వీసా మల్టిపుల్ ఎంట్రీయా కాదా చూసుకోండి.

మనవాళ్ళకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది, ఇంటిపేరు. పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. అలాంటివాళ్ళకు అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. బుకింగ్ ఫారంలో మీకు తోచినట్టు పేరు విరగ్గొట్టి నింపకండి. కంపెనీకి ఫోన్ చేసి, పాస్‌పోర్టులో ఇలా ఉంది, ఎలా రాయాలి అని అడిగి, వాళ్ళు చెప్పినట్టే అందరికీ నింపండి. విమానం టికెట్టులోనూ అదే పేరు ఉండాలి.

కెనడా వీసా రాకపోతే

గ్లేసియర్లు చూడాలంటే క్రూజే ఎక్కనక్కర్లేదు. సియాటిల్ నుంచి యాంకరేజ్‌కు విమానంలో మూడున్నర గంటలు, పూర్తిగా అమెరికాలోపలి ప్రయాణం. అక్కడినుంచి కారులో విట్టియర్ గంటన్నర లోపే. దారిలో రెండున్నర మైళ్ళ సొరంగం ఉంది, ఒక్కటే వరస, రైళ్ళూ కార్లూ వంతులవారీగా వెళ్తాయి. మీ వంతు ఎప్పుడో ముందే చూసుకుని బయల్దేరండి. విట్టియర్ నుంచి ప్రిన్స్ విలియం సౌండ్‌లోకి, సీవర్డ్ నుంచి కెనాయ్ ఫియర్డ్స్‌లోకి పగటి పడవలు వెళ్తాయి. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాయి. పడవ చిన్నది కాబట్టి చాలాసార్లు పెద్ద ఓడకంటే మంచుకు దగ్గరగా వెళ్తుంది. నడవలేని పెద్దవాళ్ళుంటే విట్టియర్ వైపు నీళ్ళు నిదానం, అదే తీసుకోండి. సీవర్డ్ పడవలు బయటి సముద్రంలోకి పోతాయి, వాంతులయ్యేవాళ్ళకు కష్టం.

4. నెల ఎంచుకోండి

సీజన్ ఏప్రిల్ చివర మొదలై అక్టోబరు దాకా ఉంటుంది. వానలు తక్కువ ఉండేది మే, జూన్‌లలో. కొండల మీద మంచు ఇంకా కరగకుండా ఉంటుంది, జలపాతాలు నిండుగా దూకుతుంటాయి, ధరలూ కాస్త తక్కువ. జూన్‌లో జూనోలో పగలు 18 గంటలు ఉంటుంది. ఇండియా నుంచి బడి పిల్లలతో వచ్చేవాళ్ళకు మే చివరి వారం, జూన్ మొదటి వారం మన వేసవి సెలవులకూ సరిపోతాయి.

సాల్మన్ చేపలు ఏటికి ఎదురెక్కడం, వాటి కోసం ఎలుగుబంట్లు రావడం చూడాలంటే జూలై చివర నుంచి ఆగస్టు. జనం, ధర, వాన మూడూ అప్పుడు ఎక్కువే. సెప్టెంబరు చవక, కానీ వాన వదలదు. వేసవిలో అరోరా (రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు) చూస్తామని ఆశ పెట్టుకోకండి. అక్కడ జూన్‌లో రాత్రి సరిగ్గా చీకటే పడదు.

5. గది, బుకింగ్

బాల్కనీ కావాలా? చలికి తట్టుకోలేని పెద్దవాళ్ళు ఉంటే కావాలి. దుప్పటి కప్పుకుని టీ తాగుతూ చూస్తారు, చలేస్తే లోపలికి వచ్చేస్తారు. కుర్రాళ్ళయితే కిటికీ లేని లోపలి గది తీసుకుని మిగిలిన డబ్బు హెలికాప్టర్ రైడ్‌కు పెట్టండి. పగలంతా పై డెక్ మీదే ఉంటారు కదా, గదిలో చేసేది నిద్రే.

కుడివైపు గదా, ఎడమవైపు గదా అని తల బద్దలు కొట్టుకోకండి. గ్లేసియర్ ముందు ఆగినప్పుడు ఓడను నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతారు, రెండు పక్కలవాళ్ళకూ కనిపిస్తుంది. ఊగుడు భయం ఉంటే మాత్రం ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో గది అడగండి. గది నంబరు ఇవ్వకుండా చవకగా అమ్మేవాటిలో కిటికీ ముందు లైఫ్‌బోటు అడ్డంగా వేలాడొచ్చు.

బుకింగ్‌లో వరస ముఖ్యం. ముందు వెనక్కి వచ్చే డిపాజిట్ మాత్రమే కట్టండి. వెంటనే కెనడా వీసాకు అప్లై చేయండి. మొత్తం డబ్బు కట్టాల్సిన గడువు సాధారణంగా బయల్దేరడానికి మూడు నెలల ముందో ఇంకాస్త ముందో ఉంటుంది. ఆలోపు వీసాలు చేతికి రావాలి. రాకపోతే డిపాజిట్ వెనక్కి తీసుకుని, పైన చెప్పిన యాంకరేజ్ దారి పట్టండి.

కన్ఫర్మేషన్ రాగానే మెయిల్ తెరిచి సరిచూడండి. ఇంటిపేరు, పుట్టిన తేదీ ఎలా పడ్డాయి, పౌరసత్వం గడిలో ఇండియా అని ఉందా లేక ఏజెంటు అలవాటుగా అమెరికా అని నొక్కేశాడా, భోజనం దగ్గర శాకాహారం అని రాశారా. ధర చూసేటప్పుడు పన్నులు, రేవు ఫీజులు, టిప్పులు కలిపి చూడండి. టిప్పులే ఒక్కొక్కరికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు పడతాయి, మరీ పసివాళ్ళను వదిలేస్తే పిల్లలకూ సాధారణంగా అంతే.

6. తిండి, మందులు

అన్నం దొరుకుతుంది. పెద్ద ఓడల బఫేలో పప్పో కూరో ఒకటి తరచుగా ఉంటుంది, వంటవాళ్ళలో మనదేశం వాళ్ళూ ఉంటారు. ఉల్లి వెల్లుల్లి లేని భోజనం కావాలంటే కనీసం నెల ముందు కంపెనీకి మెయిల్ పెట్టి, ఎక్కిన మొదటి రాత్రే డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌తో మాట్లాడండి. రేపటికి ఏం కావాలో ఇవాళే చెబితే బాగా వండిపెడతారు. అప్పటికప్పుడు అడిగితే ఉడకబెట్టిన కూరగాయలే గతి.

రైస్ కుక్కర్, కరెంటు కెటిల్ పెట్టెలో పెట్టకండి, స్కానింగ్‌లో పట్టుకుని చివరిరోజు దాకా దాచేస్తారు. ఇంట్లో చేసిన పులిహోర, సీసాలో పోసుకున్న ఆవకాయ కూడా రానివ్వరు. కంపెనీ సీలు ఉన్న పచ్చడి ప్యాకెట్లు, వేడినీళ్ళు పోస్తే అయిపోయే ఉప్మా కప్పులు పర్వాలేదు. వేడినీళ్ళు బఫేలో ఎప్పుడూ ఉంటాయి. ఓడలోని పళ్ళు జేబులో వేసుకుని రేవులో దిగొద్దు.

బీపీ, షుగర్ మందులు చేతిసంచిలో ఉండాలి. రేవులో అప్పగించిన పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది, అప్పటిదాకా మందులు వాటిలో ఇరుక్కుంటే కష్టం. ఇన్సులిన్ వాడేవాళ్ళు ఫ్రిజ్, వాడిన సూదులు పడేయడానికి డబ్బా ముందే అడగండి. తలతిరుగుడుకు అవోమిన్‌లాంటివి మనవాళ్ళు సొంతంగా వేసేస్తుంటారు. పెద్దవాళ్ళకు మత్తుగా ఉండి మెట్ల దగ్గర తూలిపడతారు, డాక్టర్‌ని అడిగాకే వాడండి. ఏ మాత్ర అయినా వాంతి మొదలయ్యాక కాదు, ఓడ కదలకముందే వేసుకోవాలి.

అమ్మానాన్నలకు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ ఓడ మీద పనిచేస్తుందని అనుకోవద్దు. పాలసీలో క్రూజ్ అన్న మాట వెతకండి. ముందునుంచీ ఉన్న జబ్బుల మీద షరతులు చదవండి.

7. బట్టలు

మే నుంచి ఆగస్టు దాకా రేవుల్లో పగలు 12 నుంచి 18 డిగ్రీలు ఉంటుంది. భయపడేంత చలి కాదు. కానీ గ్లేసియర్ ముందు మంచు మీదుగా దిగే గాలి ఎముకల్లోకి పోతుంది. ఒకే లావుపాటి కోటు కొనే బదులు మూడు పొరలు వేయండి. లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన వాననీరు లోపలికి రాని జాకెట్. చీరకట్టు మానని అమ్మలకు లోపల థర్మల్ ప్యాంటు, కింద సాక్సు, బూట్లు తప్పనిసరి. చెప్పులతో డెక్ మీద తిరగనివ్వకండి, తడికి జారుతుంది.

ఓడలు ఆగే రేవుల్లో ఒకటైన కెచికన్‌లో ఏడాదికి కురిసే వాన హైదరాబాదు వానకు నాలుగు రెట్లకు పైన. గొడుగు గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్ జాకెట్టే నయం. బైనాక్యులర్స్ 8×42 సరిపోతాయి. 10 రెట్లవి కొంటే ఓడ ఊపుకు బొమ్మ వణుకుతుంది.

8. రేవుల్లో ఏం చేయాలి

జూనోలో మెండెన్‌హాల్ గ్లేసియర్ ఊరికి 12 మైళ్ళ దూరంలోనే ఉంది, రేవు దగ్గరే షటిల్ బస్సులు దొరుకుతాయి. సీట్లు అయిపోతుంటాయి, ముందే కొనుక్కోండి. వీల్‌చైర్ వెళ్ళే దారి ఉంది. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి బిస్కెట్లు, చిప్స్ పట్టుకెళ్ళకండి. తిమింగలాల పడవ కూడా ఇక్కడే ఎక్కాలి, డబ్బుకు తగ్గ ఫలితం దక్కేది దీనిలోనే. హవాయి నుంచి మేత కోసం వచ్చిన హంప్‌బ్యాక్‌లు వేసవంతా ఈ నీళ్ళలోనే ఉంటాయి.

స్కాగ్వేలో వైట్ పాస్ రైలు. బంగారం వేట రోజుల్లో 1898లో పని మొదలుపెట్టి 1900కల్లా పూర్తిచేసిన చిన్న గేజి లైను, 20 మైళ్ళలో దాదాపు మూడువేల అడుగులు ఎక్కుతుంది. పెద్దవాళ్ళు కూర్చుని అంతా చూడొచ్చు. ఎక్కేటప్పుడు ఎడమవైపు కూర్చోండి. కెనడా లోపలిదాకా వెళ్ళే టికెట్లయితే పాస్‌పోర్టు, వీసా కావాలి. శిఖరం దాకా వెళ్ళి తిరిగొచ్చేది చాలు.

హెలికాప్టర్‌లో గ్లేసియర్ మీద దిగడం ఖరీదు, ఒక్కొక్కరికి వందల డాలర్లు. వాతావరణం బాగోక వాళ్ళే రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. అందుకని దీన్ని ట్రిప్పులో మొదటి రేవులోనే పెట్టుకోండి, పోతే తర్వాతి రేవులో మళ్ళీ ప్రయత్నించొచ్చు.

బయటివాళ్ళ టూర్లు చవక. కానీ ఆలస్యమైతే ఓడ ఆగదు. ఓడవాళ్ళ టూర్ అయితే ఆగుతుంది. ఇంకో ప్రమాదం గడియారం. అలాస్కా టైము సియాటిల్‌కంటే గంట వెనక. ఫోన్ ఒడ్డు టవరు పట్టుకుని ఒకటి చూపిస్తుంది, ఓడ ఇంకొకటి పాటిస్తుంది. దిగేముందు గేటు దగ్గర రాసిన ఓడ టైమును ఫోటో తీసుకోండి. సముద్రం మీద ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే ఓడ టవరుకు తగులుకుని బిల్లు మోగిపోతుంది.

9. గ్లేసియర్ రోజు

ఈ రోజు కోసమే ఇంత ఖర్చు పెట్టారు, కాబట్టి పొద్దున్నే లేవండి. చాలామంది నింపాదిగా టిఫిన్ చేసి పదకొండుకు పైకొస్తారు. అప్పటికి గ్లేసియర్ బే మొదటి సగం దాటిపోతుంది. సౌత్ మార్బుల్ దీవి మీద సీ లయన్ల గోల, నీళ్ళ మీద వెల్లకిలా తేలుతూ పొట్ట మీద గవ్వ పగలగొట్టుకునే సీ ఓటర్లు అన్నీ ఆ సగంలోనే. కొండ మీద తెల్లచుక్కలు కనిపిస్తే మంచు అనుకుని వదిలేయకండి. బైనాక్యులర్స్ పెట్టి కాసేపు చూడండి, చుక్క కదిలితే అది కొండమేక.

మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ గంటసేపు ఆగుతుంది. నీటిపైన సుమారు 250 అడుగుల గోడ, వెడల్పు ఒక మైలు. దాని పక్కనే నల్లగా మట్టిదిబ్బలా ఉన్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. అది కూడా గ్లేసియరే, గ్రాండ్ పసిఫిక్. రాళ్ళూ మట్టీ కప్పేసి అలా కనిపిస్తుంది.

మంచు విరిగిపడడం చూడాలంటే ఒక కిటుకు ఉంది. చప్పుడు విని తల తిప్పితే అప్పటికే పడిపోయి ఉంటుంది, శబ్దం మీ దాకా రావడానికి క్షణమో రెండు క్షణాలో పడుతుంది. గోడ మొత్తం చూడకుండా, చిన్నచిన్న ముక్కలు ఇసుకలా రాలుతున్న చోటు ఒకటి పట్టుకుని అక్కడే చూస్తూ ఉండండి. పెద్ద ముక్క ఎక్కువగా ఆ పక్కనే ఊడుతుంది. మొదటి పది నిమిషాలు ఫోన్ జేబులో పెట్టుకోండి. వీడియో తీస్తున్నవాళ్ళకు దొరికేది ఎక్కువగా నీళ్ళు చిందిన తర్వాతి భాగమే.

మబ్బు పట్టిందని నిరాశపడకండి. ఎండలో మంచు తెల్లగా వెలిసిపోతుంది, మబ్బులో నీలం బాగా తేలుతుంది. ఫోటో తీశాక పెద్దది చేసి చూడండి. మంచు పగుళ్ళలో నీలిగీతలు కనిపిస్తే సరిగ్గా వచ్చినట్టు. అంతా తెల్లగా ఉంటే తెరమీద మంచును తాకి, వెలుగు తగ్గించి మళ్ళీ తీయండి.

ఓడ తిరిగేదాకా పై డెక్ ముందుభాగంలో ఉండి, జనం లోపలికి పోయాక వెనక డెక్‌కు వెళ్ళండి. ఓడ వెళ్ళిపోతున్నప్పుడు గ్లేసియర్ మొత్తం వెనకనుంచే కనిపిస్తుంది, అప్పుడక్కడ ఎవరూ ఉండరు.

10. ఎక్కే రోజు, దిగే రోజు

ఓడ ఎక్కే రోజు పొద్దున దిగే విమానం బుక్ చేయకండి, ముందురోజే చేరుకోండి. సియాటిల్‌లో క్రూజ్ ఓడలకు రెండు రేవులున్నాయి, పియర్ 66, పియర్ 91. టికెట్టులో ఏదుందో చూసి డ్రైవరుకు నంబరు చెప్పండి.

చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. పాస్‌పోర్టులు, మందులు, మర్నాటి బట్టలు, బూట్లు తీసి పక్కన పెట్టాకే తలుపు బయట పెట్టండి. అన్నీ సర్దేసి నైట్ డ్రెస్‌లో దిగేవాళ్ళు ప్రతి ఓడలోనూ ఉంటారు. తిరుగు విమానం మధ్యాహ్నం పన్నెండు దాటాక ఉండేలా చూసుకోండి. వీల్‌చైర్ అడిగినవాళ్ళకు దిగడానికి ఇంకాస్త ఎక్కువ సమయం పడుతుంది, వాళ్ళుంటే రెండు దాటిన విమానమే తీసుకోండి.